తూలికా ధర్మము – దేవతాచిత్రములకు కుంచె నెంచు విధానము, దాని పూర్వ చరిత్ర



ఆలయమునకు వచ్చినవారు స్వామి ముఖమును చూచి ఆనందింతురు. గుడి కట్టించిన ప్రభువును స్మరింతురు. విగ్రహమును మలచిన శిల్పికి నమస్కరింతురు. గరుడవాహనము కన్నులకు, అశ్వవాహనము కళ్ళెమునకు, రథముపైని దశావతారముల కొయ్య శిల్పములకు వన్నె దిద్దిన చిత్రకారుని తలచువారు అరుదు. ఆతని చేతిలోని కుంచెను తలచువారు మరింత అరుదు. కాని ఆ కన్నులలో కరుణ నిలుచుటయు, నిలువకపోవుటయు వెంట్రుక వాసి రేఖలో నున్నది. ఆ రేఖను దిద్దునది కుంచె. కనుక నేటి ప్రసంగమున కుంచెను గురించి మన పూర్వులు ఏమి చెప్పిరో, మన తెలుగునాట అది ఎట్లు సాగినదో, నేడు మనము దానిని ఏ విధముగ ఎంచుకొనవలెనో విచారింతము.

ఇది చిత్రకారుల విషయము, మనకేల యని కొందరు అడుగవచ్చును. ఉత్సవమునకు ముందు వాహనములకు రంగులు వేయించువారు మనమే. ద్రవ్యము నిచ్చువారు, పనిని అప్పగించువారు, "తొందరగ కానిమ్ము" అని త్వరపెట్టువారు మనమే. కావున ఈ విషయమున మంచి చెడ్డలు రెండును మన బాధ్యతలోనివే.

శాస్త్రదృష్టి

మన శిల్పశాస్త్రములు చిత్రమును మూడు విధములుగ చెప్పినవి. అన్ని వైపులను పూర్ణముగ మలచిన మూర్తి చిత్రము. ఫలకముపై సగము పైకి తేలిన శిల్పము అర్ధచిత్రము. గోడపైననో వస్త్రముపైననో రంగులతో వ్రాసినది చిత్రాభాసము. ఈ విభాగమును బట్టి చూడగా శిల్పమును, చిత్రలేఖనమును మనవారు రెండు వేరు విద్యలుగ తలపలేదని స్పష్టము. ఉలి నిలిచిన చోట కుంచె మొదలగును. శిల్పి మలచిన రెప్పకు నలుపురేఖ దిద్దినపుడే చూపు పుట్టును.

విష్ణుధర్మోత్తర పురాణము తృతీయ ఖండమున చిత్రసూత్రమను భాగము గలదు. చిత్రమును చూచువారిలో ఎవరెవరు దేనిని మెచ్చుకొందురో అందు చెప్పబడినది. కొందరు అలంకారములను, సామాన్యులు వర్ణసమృద్ధిని మెచ్చుకొందురట. ఆచార్యులు మాత్రము రేఖను ప్రశంసింతురట. ఈ ఒక్క మాటలోనే కుంచెను గూర్చిన సిద్ధాంతమంతయు ఇమిడియున్నది. రంగు వెల పెట్టి కొనవచ్చును. రేఖ కొనుటకు దొరకదు. అది చేతిలోని సాధన వలనను, ఆ చేతికి లోబడిన కుంచె వలనను మాత్రమే కలుగును.

మహాకవి కాళిదాసు కుమారసంభవము ప్రథమ సర్గయందు యౌవనమున వికసించిన పార్వతీదేవి రూపమును కుంచెతో వన్నె దేర్చిన చిత్రముతో పోల్చెను. జగన్మాత సౌందర్యమునకు ఉపమానము వెదకిన కవికి తామరపువ్వుతో పాటు కుంచె కూడ తోచినదన్నచో, ఆ కాలపు విద్వత్సభలలో ఈ చిన్న పనిముట్టునకు ఎట్టి గౌరవ ముండెనో ఊహింపవచ్చును.

మంజీరా తీరమునకు చేరువ నుండి వచ్చిన గ్రంథము

కుంచెల లక్షణమును విస్తరముగ చెప్పిన గ్రంథములలో అభిలషితార్థచింతామణి ముఖ్యమైనది. దీనికే మానసోల్లాసమని నామాంతరము. దీనిని రచించినవాడు కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు. ఆతడు 1126 మొదలు 1138 వరకు రాజ్యమేలెను. ఆతని రాజధాని కల్యాణము నేటి కర్ణాటకములోని బీదరు జిల్లా యందున్న బసవకల్యాణము. ఆ బీదరు సీమను తడిపి వచ్చిన మంజీరా నదియే 1931లో పూర్తియైన నిజాంసాగరమున నిలిచి, మన మహమ్మద్‌నగర్ పరిసరముల పొలములకు ప్రాణము పోయుచున్నది. ఈ ప్రాంతమంతయు ఒకప్పుడు ఆ చాళుక్యుల యేలుబడిలోనిదే. కనుక ఈ శాస్త్రము మనకు దూరదేశపు శాస్త్రము కాదు, మన ఏటి యెగువ నుండి వచ్చినది.

సోమేశ్వరుడు మొదట గోడను సిద్ధపరచుటను చెప్పును. గేదె చర్మమును ఉడికించి తీసిన వజ్రలేపమును తెల్లమట్టితో కలిపి పూసి, నేలను నున్నగ చేయవలెను. పిమ్మట కాటుకను అన్నపు మెతుకులతో నూరి చేసిన వర్తికతో తొలి రేఖలు గీయవలెను. వెదురుపుల్ల కొనకు రాగిముల్లును అమర్చిన సాధనమును కూడ సన్నని గీతలకై పేర్కొనెను. అటుపై లేఖనులు, అనగా కుంచెలు. దూడచెవి లోపలి మెత్తని వెండ్రుకలను సేకరించి, లక్కతో పుల్లకు అంటించి చేయవలెనని విధించెను. స్థూలము, మధ్యమము, సూక్ష్మము అని వానికి మూడు భేదములు. స్థూలముతో రంగు నింపుట, మధ్యమముతో వన్నెల మార్పు చూపుట, సూక్ష్మముతో రేఖను తీర్చుట.

ఒక మహారాజు తన రాజనీతి గ్రంథమున దూడచెవి వెండ్రుకను గురించి వ్రాసెనన్న సంగతిని మనము గమనింపవలెను. కోశము, సైన్యము, దుర్గము ఎంత ముఖ్యములో, కుంచె సరిగ నుండుటయు అంత ముఖ్యమని ఆతడు తలచెను.

పదునారవ శతాబ్దమున కేరళదేశపు శ్రీకుమారుడు రచించిన శిల్పరత్నమున ఈ విషయము మరికొంత పెరిగినది. పెద్ద కుంచెకు దూడచెవి రోమములు, మధ్యమమునకు మేక పొట్టక్రింది రోమములు, సన్నదానికి ఉడుత వంటి చిన్నప్రాణి తోక వెండ్రుకలు లేదా గడ్డిపరక కొన అని చెప్పబడినవి. మూడు పరిమాణములలో ఒక్కొక్కదానికి మరల మూడు భేదములు కల్పించి, ఒక్కొక్క రంగునకు తొమ్మిది కుంచెల చొప్పున వేరువేరుగ ఉంచుకొనవలెనని విధి. ఇందలి యుక్తి స్పష్టమే. ఎరుపు ముంచిన కుంచెను ఎంత కడిగినను మొదట ఎరుపు ఛాయ మిగులును. దానితో పసుపు పూసినచో పసుపు చెడును. మడి కట్టుకొన్న వంటయింటిలో గరిటెలను వేరుగ నుంచుటకును దీనికిని భేదము లేదు.

తెలుగునాట కుంచె

శాస్త్రము చెప్పిన దానిని తరతరములుగ చేతితో నిలిపినవారు మన నకాషీలు. నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల వారి పటములకు నెలవు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పలుమార్లు పూత పెట్టి, ఆరనిచ్చి, దానిపై పురాణగాథలను వ్రాయుదురు. సుమారు 3 అడుగుల వెడల్పుతో, నిడుపాటి చుట్టలుగ ఆ పటములుండును. పద్మశాలీలకు మార్కండేయ పురాణము, రజకులకు మడేల్ పురాణము, గౌడులకు గౌడ పురాణము చెప్పు కథకులు ఆ పటములను విప్పుచు, ఊరూర రాత్రుల తరబడి కథ వినిపించెడివారు. అక్షరము రాని భక్తునకు పటమే పురాణ గ్రంథమైనది.

ఆ నకాషీలు తమ కుంచెలను తామే కట్టుకొనెడివారు. ఉడుత తోక వెండ్రుకలను కొనలు సమముగ నుండునట్లు కూర్చి, పుల్లకు దారముతో బిగించుట వారి పద్ధతి. పటమున మొదట రూపములను కుంచెతోనే గీసి, వెనుకభాగమును ఎరుపుతో నింపి, పిదప దేహచ్ఛాయలు, వస్త్రములు, నగలు వేసి, తుదకు నల్లని రేఖతో కన్ను, ముక్కు, వ్రేళ్ళు తీర్చుదురు. ఆ తుదిరేఖ తప్పినచో ముందు చేసిన పనియంతయు మసకబారును. వారే కొయ్యపొట్టును, చింతగింజల ముద్దను కలిపి బొమ్మలను, ముఖములను చేసి రంగులు దిద్దుదురు. అనగా ఒకే చేయి పటముపైనను, ఎత్తుపల్లముల రూపముపైనను పనిచేసినది.

మనకు ఉత్తరమున గోదావరి ఆవలనున్న నిర్మలలో తేలికయైన పొణికి కొయ్యను చెక్కి, చీలికలను చింతగింజల ముద్దతోను, పొట్టుతోను పూడ్చి, నున్నన చేసి, తెల్లపూత పెట్టి, పిదప వన్నెలు వేయుదురు. చెక్కడముపై రంగు వేయుటకు ఇది మంచి పాఠము. పగుళ్ళు పూడ్చక, పూత పెట్టక వేసిన రంగు ఎంత మంచి కుంచెతో వేసినను నిలువదు. కొయ్య పీల్చివేయును, రేఖ అంచు చెదరును.

ఇక దక్షిణమున శ్రీకాళహస్తి కలంకారీ వేరొక త్రోవ త్రొక్కినది. అచ్చట వెదురుపుల్లకు ఉన్ని లేదా గుడ్డ చుట్టి దారముతో కట్టిన కలమే సాధనము. ఆ చుట్ట రంగును పీల్చి నిలుపుకొనును. వ్రేలితో మెల్లగ నొక్కినపుడు రంగు కొనకు దిగును. గుడ్డను ముందుగ కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరవేయుదురు. అందువలన ఇనుము, బెల్లము పులియబెట్టి చేసిన కసిమి నల్లబడి పట్టుకొనును, పాలలోని జిడ్డు రంగును ప్రక్కకు ప్రాకనీయదు. రేఖకు మొన సన్నని కలము, నింపుటకు మొన మొద్దుది. రామాయణ భారతములను వస్త్రమున నిలిపిన సంప్రదాయ మిది.

ఈ మూడింటిని కలిపి చూచినచో ఒక సూత్రము తేలును. కుంచె గొప్పదనము దాని వెలలో లేదు. అది తాకు తలమునకు, మోయు రంగునకు తగియుండుటలో నున్నది. పూత పెట్టిన పటమునకు మెత్తని మొన, ఎత్తుపల్లముల కొయ్యకు కొంత బిగువు గల మొన, పీల్చు వస్త్రమునకు కలము.

విదేశముల పరిణామము

కుంచె అన్ని దేశములందును పూజ్యమైనదే. చీనాదేశమున క్రీస్తుకు పూర్వమే వెదురుకాడకు రోమములు కట్టి వ్రాసిరి. ఐరోపాలో పూర్వము పక్షి ఈక గొట్టములో వెండ్రుకలను దూర్చి కట్టెడివారు. మన సూక్ష్మచిత్రకారులును ఆ పద్ధతినే అనుసరించిరి. 19వ శతాబ్దమున లోహపు గొట్టముతో వెండ్రుకలను కర్రకు బిగించు పద్ధతి వ్యాపించి, బల్లపరుపు కుంచెలు చేయుట సులభమైనది. కాన్వాసుపై తైలవర్ణములు పూయుటకు పందిముళ్ళ వంటి గట్టి వెండ్రుకల కుంచెలు వాడుకకు వచ్చినవి. ఆ వెండ్రుకల కొనలు సహజముగనే చీలియుండి, చిక్కని రంగును మోయగలవు. సన్నని పనికి సైబీరియా ప్రాంతపు వీజిల్ అను జంతువు తోక రోమములతో చేసిన కొలిన్‌స్కీ కుంచెకు పేరు వచ్చినది. 1866లో విక్టోరియా రాణి కొరకు విన్సర్ అండ్ న్యూటన్ వారు చేసిన ఏడవ శ్రేణి కుంచె ఈ జాతిదే. ఆ రోమము మొదట సన్నమై, నడుమ లావై, కొన సూదిమొనగ నుండును. అందువలన రంగును కడుపులో దాచుకొని, కొనను మాత్రము కూర్చుకొనును.

20వ శతాబ్దమున నైలాను, పాలియెస్టరు దారములతో కృత్రిమ కుంచెలు వచ్చినవి. మొదట అవి మొరటుగ నుండినను, నేడు కొనలు సన్నబరచి చేసినవి సూక్ష్మమైన పనికి తగినట్లుగ లభించుచున్నవి. ఆక్రిలిక్ రంగులకు అవియే మేలు. ఆ రంగు సహజరోమములను త్వరగ పాడుచేయును.

ధర్మసంకటము

ఇచ్చట ఒక ధర్మవిషయము వచ్చును. దీనిని చెప్పుటకే ఈ ప్రసంగము ప్రధానముగ ఉద్దేశింపబడినది.

మన దేశమున చాలకాలము సన్నని కుంచెలను ముంగిస వెండ్రుకలతో చేసి అమ్మిరి. ఒక ముంగిస నుండి వచ్చు పనికివచ్చు రోమము కొన్ని పదుల గ్రాములకు మించదు. కనుక కుంచెల వ్యాపారమునకై అసంఖ్యాకముగ ముంగిసలు చంపబడినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ముంగిస రోమముల వ్యాపారము నేరము. 2019లో వన్యప్రాణి నేర నియంత్రణ సంస్థ పలు రాష్ట్రములలో ఒకేసారి సోదాలు జరిపి, అట్టి కుంచెలను పెద్ద యెత్తున పట్టుకొనెను. అంగడిలో పేరును చూచి మోసపోరాదు. ఒంటె వెండ్రుక కుంచె యని అమ్మునదానిలో ఒంటె వెండ్రుక ఉండదు. అది ఉడుతదో, మేకదో, గుఱ్ఱపుదో యగును. సేబుల్ అను పేరుతో ముంగిస రోమము కూడ అమ్మబడినది. రోమమున కొన ముదురుగను, నడుమ లేతగను, మరల ముదురుగను పట్టెలున్నచో అనుమానింపవలెను. ఒక్క వెండ్రుకను కాల్చి చూచినచో, సహజరోమము కాలిన జుట్టు వాసన నిచ్చును, కృత్రిమమైనది కరగి ముద్దగును.

దేవుని కన్ను దిద్దుటకు ఒక ప్రాణి కన్ను మూయవలెనా? సేతుబంధనవేళ ఇసుక రేణువులను మోసిన ఉడుతను రామచంద్రుడు వీపు నిమిరి అనుగ్రహించెనని మన పిల్లలకు కథ చెప్పుదుము. చిన్న సేవకు ఉడుతాభక్తి యని పేరు పెట్టుకొన్నాము. ఆ ఉడుత తోకను త్రుంచి తెచ్చిన కుంచెతో రామపట్టాభిషేకమును వ్రాయించుట ఎట్లు పొసగును? శాస్త్రమే ఉడుతను చెప్పెను గదా యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. శాస్త్రము గడ్డిపరకను కూడ దాని ప్రక్కనే చెప్పెను. దూడచెవి వెండ్రుకలను మొదట చెప్పెను. ఆ దూడ చావనక్కరలేదు, తల్లిచెంతకు తిరిగి పోవును. ద్రవ్యము లభింపని చోట ప్రతినిధి ద్రవ్యమును గ్రహించుట యజ్ఞకర్మలందే అంగీకరింపబడినది. సోమలత దొరకనిచో పూతికను గ్రహింపవచ్చునని శ్రౌతము చెప్పుచుండగా, కుంచె విషయమున కృత్రిమ రోమమును గ్రహించుటకు దోషమేమి? శాస్త్రము కోరినది రేఖాశుద్ధిని. అది హింస లేకయే సిద్ధించునపుడు హింసను ఆశ్రయించుట శాస్త్రాభిమతము కాజాలదు.

ఎంచుకొను విధానము

కుంచెను కొనునపుడు ఈ క్రింది విషయములను గమనింపవలెనని అనుభవజ్ఞులైన చిత్రకారులు చెప్పుదురు.

మొదట నీటిలో ముంచి ఒక్కసారి విదిలింపవలెను. మంచి కుంచె తనంతట ఒకే మొనగ కూడుకొనును. రెండు మొనలుగ చీలినది రేఖకు పనికిరాదు. తరువాత తడి మొనను వ్రేలిపై మెల్లగ వంచి విడువవలెను. తిరిగి నిలిచినచో బిగువు గలదు, వంగియే యుండినచో నింపుటకు మాత్రమే తగును. మూడవది, లోహపు గొట్టము కర్రపై కదలరాదు, వెండ్రుకలు ఊడరాదు. ఆరని రంగులో ఊడిన వెండ్రుక ఒక్కటి అమ్మవారి చెక్కిలిపై మచ్చగ మిగులును. నాల్గవది, వెండ్రుకల కొనలు సహజముగ సన్నబడియుండవలెను, కత్తిరించి సమము చేసినవి కారాదు. పాతబడిన కుంచె కొనను కత్తిరించి మరల సన్నని కుంచెగ చేయవచ్చుననుట భ్రమ.

మిక్కిలి చిన్న సంఖ్య గల కుంచె సన్నని గీతను గీయునని పలువురు తలతురు. అది సగము మాత్రమే నిజము. మరీ చిన్న కుంచెలో రంగు నిలువదు, కనుబొమ నడుమనే ఎండి, రేఖ తెగును. కడుపు నిండుగ నుండి, మొన చక్కగ కూడిన మధ్యమ కుంచెయే తెగని రేఖ నిచ్చును. సున్నపు సంఖ్యల కుంచెలను కంటిపాపలోని వెలుగుచుక్కకు, ముత్యపు మెరుపునకు ఉంచుకొనవలెను. సంఖ్యలు కూడ తయారు చేయువారిని బట్టి మారును, కనుక కన్నుతో చూచి కొనవలెను. చెక్కడములలోని లోతులకు పొట్టి, గట్టి వెండ్రుకల గుండ్రని కుంచెతో రంగును త్రోయవలెను. ఎత్తైన అంచులకు మెత్తని కుంచెతో పైపైన తాకవలెను. లోతులలో రంగు గుంటకట్టినచో శిల్పి ఉలిపని పూడిపోవును.

పని ముగిసిన పిమ్మట కుంచెను నీటి గిన్నెలో మొనపై నిలువరాదు. మొన వంగును, నీరు గొట్టములోనికి దిగి జిగురు కరగును. సబ్బుతో కడిగి, వ్రేళ్ళతో మొనను కూర్చి, పడుకోబెట్టి ఆరవేసి, పిదప మొన పైకి వచ్చునట్లు నిలుపవలెను.

మన ఆలయములు

ఇక మన గ్రామముల సంగతి. అనేక గ్రామములందు ఉత్సవము నాలుగు దినములున్నదనగా వాహనములను బయటకు దీసి, గోడలకు, తలుపులకు వాడు వెడల్పు కుంచెలతోను, మెరుగు రంగులతోను పూత వేయించుట పరిపాటియైనది. ఏటేట పూతపై పూత పడుచుండగా హంస ఈకల చెక్కడము కనబడదు. సింహము జూలు ముద్దయగును. గరుత్మంతుని కన్నులు రెండు నల్లని బొట్లగును. రంగు కొత్తదే, రూపము మాత్రము ఏటేట తరిగిపోవుచున్నది. నూరేండ్ల క్రింద చెక్కిన వడ్రంగి మరల రాడు. ఆతని పనిని కప్పివేయుటకు ఒక్క పూట చాలును, వెలికి తీయుటకు నెలలు పట్టును.

ప్రాచీన చిత్రములున్న చోట మరింత జాగరూకత వలయును. పిల్లలమర్రిలోని కాకతీయుల నాటి చిత్రశేషములు, లేపాక్షి వీరభద్రాలయమున విజయనగర కాలపు పైకప్పు చిత్రములు నేటికిని దర్శనీయములై యున్నవన్నచో, వానిని కొత్తవి చేయవలెనని ఎవరును పూర్తిగ పూనుకొనకపోవుటయే ముఖ్యకారణము. అట్టి వానిపై కుంచె పెట్టుటకు శిక్షణ పొందిన సంరక్షకులకే అర్హత. మన కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించినది. పాతదానిని పాతదిగనే నిలిపినచో లోకము గౌరవించునని చెప్పుటకు ఇంతకంటె సమీప దృష్టాంతము వేరొకటి లేదు.

కావున ధర్మకర్తలకును, భక్తులకును మా విన్నపము నాలుగు మాటలు. వాహనములకు ప్రతి సంవత్సరమును పూత వేయింపక, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపించి, అవసరమైన చోటనే దిద్దించుడు. దిద్దించునపుడు నకాషీల వంటి పనివారలను పిలిచి, వారికి కావలసిన దినములను, తగిన వేతనమును ఇండు. ముంగిస రోమము మొదలైన హింసాద్రవ్యములను ఆలయమునకు తేనీయకుడు. రాతి విగ్రహములకు మెరుగు రంగులు పూయింపకుడు.

ప్రతిష్ఠావేళ ఆచార్యుడు సువర్ణశలాకతో నేత్రోన్మీలనము చేయును. దానికి ముహూర్తమును చూతుము, మంత్రమును చెప్పుదుము, నియమమును పాటింతుము. చిత్రకారుడు వాహనమునకు కన్ను దిద్దుటయు ఆ కర్మకు బంధువే. దానికి పట్టు కుంచెయు శుద్ధముగ నుండవలెను, అనగా మొనయందు శుద్ధి, పుట్టుకయందు శుద్ధి. మంచి కుంచెకు పెట్టిన కొద్దిపాటి ద్రవ్యము, దాని వెనుక నిలిచిన కొద్దిపాటి ఓర్పు, రాబోవు తరముల భక్తులకు స్వామి ముఖమును చెక్కుచెదరక అందించును.

స్వస్తి.